చేపల మేత సరుకులు: కొనుటకు ముందు విచారింపవలసిన విషయములు

చేపల చెరువుమీద అగు ఖర్చులో సాధారణముగా సగమునకు మించి మేతకే పోవును. అయినను పిల్లను కొనునపుడు రైతు చూపు జాగ్రత్తలో నాలుగవ వంతైనను మేత సరుకులు కొనునపుడు చూపుట లేదు. పిల్ల ఏ హేచరీనుండి వచ్చినది, ఎన్ని అంగుళములున్నది, ఒంటిమీద పుండ్లున్నవా లేవా అని చూచును. మేత విషయము వచ్చుసరికి "ఈ వారము డీఓబీ ఎంత? చెక్క ఎంత?" అను రెండు ప్రశ్నలతో బేరము ముగియుచున్నది. లారీ వచ్చును, బస్తాలు దిగును, మరునాటికి సంచులు కట్టుట మొదలగును.

ధర ఒక్కటే తెలిసిన చాలదు. సరుకు ఎక్కడ పుట్టినది, దారిలో దానికి ఏమి జరిగినది, వచ్చే నెలకూడ అది దొరకునా, దానిని సేకరించుటలో మరియొకరికి నష్టము కలిగినదా అను సంగతులు తెలిసినప్పుడే ఆ సరుకు చౌకయో ప్రియమో తేలును. ఇందుకు పెద్ద చదువు అక్కరలేదు. ఏ సరుకును ఎంత అనుమానముతో చూడవలెనో తెలిసికొనిన చాలును.

మేతలో పాలు, ప్రమాదములో పాలు

కృష్ణా, గోదావరి డెల్టాలలోను, కొల్లేటి చుట్టుపట్లను శీలావతి, బొచ్చె చేపలను పెంచు రైతులు నూనె తీసిన తవుడును ముఖ్యమైన మేతగా వాడుదురు. దీనినే డీఓబీ అని పిలుచుట పరిపాటి. అందులో వేరుసెనగ చెక్కగాని పత్తి చెక్కగాని కలిపి, చిల్లులు పొడిచిన సంచులలో నింపి, చెరువులో పాతిన వెదురు గెడలకు కట్టుదురు. చేపలు ఆ చిల్లులనుండి మేతను లాగి తినును. ఈ సంచుల పద్ధతి మన రైతుల అనుభవములోనుండి వచ్చినదే. రొయ్యల రైతులు మాత్రము కంపెనీలు తయారుచేసిన గుళికల మేతను కొందురు. అందులో చేపపొడి, సోయా చెక్క, గోధుమపిండి, చేపనూనె మొదలగునవి ఉండును. నీటిపై తేలు గుళికలను చేపలకు వాడుటకూడ ఇటీవల హెచ్చినది.

వంద కిలోల మేతలో 80 కిలోలు డీఓబీ, 20 కిలోలు వేరుసెనగ చెక్క వేసినామనుకొందము. డీఓబీలో నూటికి 15 పాళ్ళు, చెక్కలో నూటికి 42 పాళ్ళు మాంసకృత్తులున్నచో, తవుడునుండి 12 కిలోలు, చెక్కనుండి 8.4 కిలోలు, మొత్తము 20.4 కిలోల మాంసకృత్తులు చేరును. ఇప్పుడు ఆ డీఓబీలో పదవవంతు ఊకపొడి కలిసియున్నదనుకొందము. రైతు ఎనిమిది కిలోల ఊకను తవుడు ధరకు కొనినట్లయినది. మేతలో మాంసకృత్తులు సుమారు ఒక కిలో తగ్గును. చేప కొంత నెమ్మదిగా ఎదుగును. ఇది నష్టమే కాని, లెక్కకు అందు నష్టము. తెలిసిన నాటినుండి వ్యాపారిని మార్చి సరిదిద్దుకొనవచ్చును.

కాని మేతలో ఐదవవంతే ఉన్న వేరుసెనగ చెక్కలో బూజు విషమున్నదనుకొందము. అది కంటికి కనబడకపోవచ్చును. నాలుక్కు తెలియదు. చేపలు ఒక్కరోజున తేలి చచ్చిపోయిన రైతు మేలుకొనును; కాని అట్లు జరుగుట అరుదు. కాలేజము చెడి, ఎదుగుదల తగ్గి, రోగములకు లొంగిపోయి, పట్టుబడి నాటికిగాని నష్టము బయటపడదు. అప్పటికి చెక్క అమ్మిన వ్యాపారివద్ద ఆ సరుకు ఉండదు, మనవద్ద ఖాళీ గోతాములుకూడ ఉండవు.

కాబట్టి మేతలో ఎక్కువ పాలున్న సరుకే ఎక్కువ ప్రమాదకరమని గాని, ఎక్కువ ధరగల సరుకునే ఎక్కువగా పరీక్షింపవలెనని గాని అనుకొనరాదు. నా అభిప్రాయములో ప్రతి సరుకును మూడు విషయములనుబట్టి తూచవలెను. అందలి లోపము కంటికి, ముక్కుకు తెలియునా? మనవద్దకు చేరులోగా ఎన్ని చేతులు మారినది? లోపమున్నచో ఆ తరువాత సరిదిద్దుకొనుటకు వీలున్నదా? మూడింటికిని చెడ్డ సమాధానము వచ్చిన సరుకుమీద మన శ్రద్ధలో సగము పెట్టవలెను. తక్కినవాటికి మిగిలిన సగము చాలును.

వేరుసెనగ చెక్క

ఈ కొలతతో చూచినచో అన్నింటికంటె ముందు అనుమానింపవలసినది వేరుసెనగ చెక్క. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు కారణము తెలియక చచ్చిపోయినవి. విచారింపగా వాటి దాణాలో వేసిన వేరుసెనగ పిండి బ్రెజిలునుండి వచ్చినదనియు, అందులో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను బూజు విడిచిన విషమున్నదనియు తేలినది. ఆ బూజు పేరునుబట్టియే ఆ విషమునకు అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టిరి. అమెరికాలో చేపల హేచరీలలోని ట్రౌటు చేపలకు కాలేజములో కంతులు పుట్టినదికూడ ఆ సంవత్సరమే. అక్కడ దోషము పత్తి గింజల పిండిలో కనబడినది. మన బొచ్చె, శీలావతులు ట్రౌటు చేపవలె అంత సుకుమారమైనవి కావు. అంతమాత్రమున విషము వాటికి పడునని కాదు.

ఈ విషము గోదాములోనే పుట్టునని చాలమంది అనుకొందురు. సగము నిజమే. వేరుసెనగ వేసిన రైతుకు మిగిలిన సగము తెలియును. కాయ ఊరు దశలో వానలు మొగము చాటువేసి, నేల వేడెక్కి, బెట్ట తగిలిన చేలలో బూజు భూమిలోనే కాయలో ప్రవేశించును. పురుగు తొలిచిన కాయ, పీకునపుడు గునపము తగిలి పగిలిన కాయ దానికి తలుపు తెరచినట్లే. పీకిన తరువాత మండెలు తడిసినను, పచ్చి కాయను బస్తాలకెత్తినను ఆ బూజు విజృంభించును. మంచి కాయ ఏరి తినుటకు, విత్తనమునకు పోవును. నాసి కాయ, ముడత గింజ, నల్ల గింజ నూనె మిల్లుకు పోవును. నూనె ఆడినపుడు విషములో అధికభాగము నూనెలోనికి రాదు; చెక్కలోనే నిలుచును. అనగా ఆ పంటలోని చెడు అంతయు చెక్కలోనికి దిగి, మన సంచిలోనికి వచ్చుచున్నదన్నమాట. కావున అనంతపురము వైపు పంట చివర బెట్ట పడిన సంవత్సరమున డెల్టాలోని చేపల రైతు చెక్క విషయములో రెండింతలు జాగ్రత్తపడవలెను. పత్రికలో వాన వార్త చదివి చెక్క బేరము చేయుట వింతగా తోచవచ్చును గాని, ఇదియే తెలివైన పద్ధతి.

ఐరోపా దేశములలో పశువుల మేత సరుకులలో అఫ్లాటాక్సిన్ బి1 కిలోకు 20 మైక్రోగ్రాములు మించరాదని పరిమితి పెట్టిరి. అనగా యాభై టన్నుల చెక్కలో ఒక్క గ్రాము. ఇంత సూక్ష్మమైన దానిని కంటితో పట్టుట అసాధ్యము. బూజు కనబడినచో సరుకును త్రిప్పి పంపవలసినదే. కాని బూజు కనబడలేదు గనుక మంచిదనుటకు వీలులేదు. బూజును దులిపివేసి, చెక్కను ఎండలో ఆరబోసి వాడుట చాల ఊళ్ళలో ఉన్నది. బూజు పోవును గాని విషము పోదు. ఉడికించినను పూర్తిగా నశించదు. హైదరాబాదు వద్ద పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థవారు తక్కువ ఖర్చుతో ఈ విషమును కొలుచు పరీక్షను రూపొందించిరి. ఇటువంటి పరీక్ష చేయు ప్రయోగశాలకు పంపుటయే మార్గము. ఒక్క రైతుకు లారీకొక పరీక్ష బరువుగా తోచవచ్చును. ఊరిలో పదిమంది కలిసి ఒకే మిల్లునుండి ఒకేసారి తెప్పించుకొనినచో తలకు పడు ఖర్చు బస్తామీద కొన్ని రూపాయలను మించదు.

చెక్కకు మరియొక రోగము కల్తీ. ప్రయోగశాలలో మాంసకృత్తులను నేరుగా కొలువరు. సరుకులోని నత్రజనిని కొలిచి, దానిని 6.25చే గుణింతురు. ఈ లెక్క తెలిసినవారికి ఒక అడ్డదారి దొరికినది. కిలో యూరియాలో 460 గ్రాముల నత్రజని యుండును, గుణించినచో 2.875 కిలోల మాంసకృత్తులున్నట్లు కాగితముమీద కనబడును. చేపకు అది ఒక పిసరుకూడ పనికిరాదు. 2007లో చైనానుండి అమెరికాకు వెళ్ళిన గోధుమ సరుకులో మెలమైన్ అను రసాయనమును కలిపినది ఈ మాయకొరకే. పెంపుడు కుక్కలు, పిల్లులు చచ్చిన పిమ్మట ఆ మోసము బయటపడినది. ఆ సరుకు చేపల మేతలోకూడ చేరినదని అప్పుడే తేలినది. కావున మాంసకృత్తుల శాతము వ్రాసిన కాగితము చూపగానే సంతృప్తి పడరాదు. అనుమానమున్నచో చెక్కపొడిని నీటిలో కలిపి వడగట్టి, అందులో ఎర్ర లిట్మస్ కాగితమును ముంచి చూడవలెను. రంగు మారకున్నచో, ఆ నీటిలో చిటికెడు పచ్చి సోయాగింజల పిండి వేసి పది నిమిషములైన పిమ్మట మరల ముంచవలెను. ఇప్పుడు నీలముగా మారినచో యూరియా ఉన్నదని అనుమానించి నమూనాను ప్రయోగశాలకు పంపవలెను.

పత్తి చెక్క చౌక. అందుచేతనే వేరుసెనగ చెక్క ధర పెరిగినప్పుడెల్ల రైతు దానివైపు తిరుగును. తొక్క తీయని గింజతో ఆడిన చెక్కలో పీచు హెచ్చు, మాంసకృత్తులు వేరుసెనగ చెక్కలో ఇంచుమించు సగమే. గాసిపాల్ అను సహజమైన విషపదార్థము పత్తి గింజలోనే ఉన్నది. బజారు చేపకు కొద్దిపాటిగా కలుపవచ్చును గాని, విత్తనోత్పత్తికొరకు పెంచు తల్లిచేపలకు పెట్టకుండుట మంచిది.

తవుడు

తవుడు విషయములో భయపడవలసినది తక్కువ, కనిపెట్టవలసినది ఎక్కువ. దాని లోపములు చాలవరకు కంటికి, చేతికి తెలియును. అరచేతిలో వేసి నలిపినచో ఊక గరుకుగా గ్రుచ్చుకొనును. గ్లాసెడు నీటిలో చెంచాడు వేసి కలిపినచో ఊక పైకి తేలును, ఇసుక ముందుగా అడుగున పడును. పాలరాతి పొడి, సున్నపురాతి పొడి కలిపినారని అనుమానమున్నచో పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లము నాలుగు చుక్కలు వేయవలెను. బుసబుస పొంగినచో రాతిపొడి ఉన్నట్లే.

నూనె తీయని పచ్చి తవుడును వాడువారు మరియొక విషయము గమనింపవలెను. ధాన్యము మరపట్టిన కొద్ది గంటలలోనే తవుడులోని నూనె విరుగుట మొదలగును. నాలుగు దినములు మిల్లులోను, నాలుగు దినములు దళారి కొట్టులోను నిలువయున్న తవుడు చెడిన నూనె వాసన కొట్టును. అది చౌకగా దొరకుటకు కారణముకూడ అదియే. నూనె తీసిన తవుడుకు ఈ బెడద చాల తక్కువ. నిలువకు అదియే మేలు.

తవుడులోని అసలు ప్రమాదము దొరుకుబాటులో ఉన్నది. మేతలో ఐదింట నాలుగు పాళ్ళు ఒకే సరుకైనపుడు, ఆ సరుకు ధర కదిలిన చెరువు లెక్క మొత్తము కదలును. పశువులకు, కోళ్ళకు, చేపలకు అందరికిని ఇదే తవుడు కావలెను. 2023 జూలైలో కేంద్ర ప్రభుత్వమువారు డీఓబీ ఎగుమతిని నిషేధించినది దేశములో పశువుల దాణా ధరలు, వాటితోపాటు పాల ధరలు పెరుగుచుండుటవలననే. ఎగుమతి ఆగిన కొనువానికి కొంత సుఖము, అమ్మువానికి కష్టము. ఎగుమతి తెరచిన అది తారుమారగును. మన చేతిలో లేని ఇటువంటి మార్పులకు విరుగుడు ఒక్కటే: ఒకే మిల్లుమీద ఆధారపడక ఇద్దరు ముగ్గురితో ఖాతా పెట్టుకొనుట, సార్వా, దాళ్వా ధాన్యము ఆడు నెలలలో కొంత ఎక్కువగా తెచ్చి పొడిగా నిలువచేసికొనుట.

చేపపొడి

రొయ్యకు మాంసకృత్తులు హెచ్చుగా కావలెను. అందుచేత దాని మేతలో చేపపొడి తప్పనిసరిగా వాడుచు వచ్చిరి. శీలావతి, బొచ్చెలకు దీని అవసరము లేదనియే చెప్పవచ్చును. మొక్కల మేతతోనే అవి చక్కగా ఎదుగును. ఇది మన బొచ్చె రైతుకు దేవుడిచ్చిన వరము. కొందరు త్వరగా బరువెక్కునను ఆశతో వీటికికూడ చేపపొడి కొని కలుపుచున్నారు. ఆ డబ్బును మంచి చెక్కమీద పెట్టుట లాభము.

కిలో చేపపొడి కావలెనన్న నాలుగైదు కిలోల పచ్చి చేప కావలెను. ఆ చేప సముద్రమునుండి వచ్చును, పడమటి తీరమున ముఖ్యముగా నూనె కవళ్ళనుండి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారి లెక్కలలో కేరళ తీరమున 2012లో దాదాపు నాలుగు లక్షల టన్నులున్న కవళ్ళ పట్టుబడి 2021లో 3,297 టన్నులకు పడిపోయినది. సముద్రపు మార్పులే ఇందుకు ముఖ్య కారణమని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. అట్లయినను, చేప తగ్గిన కాలమున గ్రుడ్డు పెట్టని పిల్ల చేపనుకూడ పట్టి పొడి మిల్లుకు తోలినచో తిరిగి పుంజుకొనుట ఎట్లు? పది సెంటీమీటర్లకు తక్కువ పొడవుగల కవళ్ళను పట్టరాదని కేరళ ప్రభుత్వము నియమము చేసినది ఇందుకే. మన తూర్పు తీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు మర పడవల వేట నిలుపుటకూడ చేప గ్రుడ్డు పెట్టుకొనుటకే. పేదవాని పళ్ళెములోని కవళ్ళు రొయ్య మేతగా మారునపుడు తీరములోని బెస్త కుటుంబము తినునది తగ్గును, చేప ఎండబెట్టి అమ్ము స్త్రీల బేరము తగ్గును. రొయ్యల రైతు దీనికి నేరుగా బాధ్యుడు కాడు గాని, సంబంధము లేనివాడనుటకు వీలులేదు.

దొరుకుబాటు మాటకు వచ్చిన, ప్రపంచములో చేపపొడి తయారీకి పెరూ దేశము పెట్టినది పేరు. అక్కడ 1970లో కోటి ఇరవై లక్షల టన్నులకు పైగా పట్టిన ఆంకోవీ చేప, సముద్రము వేడెక్కుటవలనను, అతివేటవలనను, 1973 నాటికి ఇరవై లక్షల టన్నులకు లోబడినది. మొన్న 2023లోకూడ పిల్ల చేపలే ఎక్కువగా కనబడుటచే ఆ దేశమువారు మొదటి వేట కాలమును రద్దు చేసిరి. పసిఫిక్ సముద్రములో వేడినీరు వచ్చిన సంవత్సరమున భీమవరములో రొయ్య మేత ధర పెరుగుటకు కారణము ఇటువంటిదే.

చేపపొడిలో మోసమునకు ఉపాయములు చాల కలవు. ఇసుక, ఉప్పు, తోలు పొడి, ఈకల పొడి కలుపుదురు. ఉప్పు నాలుకకు తెలియును, ఇసుక నీటిలో తెలియును, తోలు, ఈకలు ప్రయోగశాలలోగాని తెలియవు. మరి పాపము, మోసము లేకనే వచ్చు చిక్కుకూడ ఉన్నది. చేపపొడిలోని నూనె గాలి తగిలి తనంతట తానే వేడెక్కును. ఓడలలో నిప్పంటుకొనుటయు కలదు. అది జరుగకుండ ఎథాక్సిక్విన్ అను మందు కలుపుదురు. 2012లో జపాను రేవులలో మన దేశపు రొయ్యలలో ఈ మందు జాడ కనబడినదని అభ్యంతరము వచ్చినది. ఆనాటి పరిమితి కిలోకు 0.01 మిల్లీగ్రాము. రైతు ఆ మందును కొనినవాడు కాడు, చెరువులో చల్లినవాడు కాడు, దాని పేరైనను విన్నవాడు కాడు. చేపపొడితో మేతలోనికి, మేతతో రొయ్యలోనికి అది వచ్చినది. 2014లో జపానువారు పరిమితిని 0.2 మిల్లీగ్రాములకు సడలించిరి. ఆ మధ్యకాలమున ఎగుమతిదారు పడిన చిక్కు చివరకు గట్టుమీద రొయ్య ధరలో కనబడినది.

తయారు మేత కొనువారికి

గుళికల మేతలో ఏ సరుకు ఎంత ఉన్నదో రైతు చూడలేడు. మరల చెప్పవలెనన్న, కంటికి కనబడనిది, చేతులు ఎక్కువ మారినది, సరిదిద్దుకొనుటకు వీలులేనిది ఏదనగా ఇదియే. కావున సంచిని కాక, కంపెనీని పరీక్షింపవలెను.

సోయా చెక్క ఒక్కటి చూడుడు. మధ్యప్రదేశ్, మహారాష్ట్రలలో పండు సోయామీద మన కోళ్ళ, రొయ్యల మేత ఆధారపడియున్నది. 2021లో దాని ధర రెట్టింపునకు మించుటచే, ఆగస్టులో కేంద్ర ప్రభుత్వము జన్యుమార్పిడి సోయానుండి తీసిన చెక్కను 12 లక్షల టన్నుల మేరకు దిగుమతి చేసికొనుటకు అనుమతించినది. బ్రెజిలు సోయా అయినచో, అడవి కొట్టి సాగుచేసినదా అని ఐరోపా కొనుగోలుదారులు అడుగుచున్నారు. చేపపొడి అయినచో, ఏ పడవ పట్టినది, పనివారికి కూలి ముట్టినదా అని అడుగుచున్నారు. ఈ ప్రశ్న ఊరక పుట్టలేదు. థాయిలాండు రొయ్యల మేతకు చేప పట్టు పడవలమీద బర్మా, కంబోడియా కూలీలను బానిసలవలె నిర్బంధించి పనిచేయించుచున్నారని 2014లో గార్డియన్ పత్రిక బయటపెట్టినది. 2015 ఏప్రిల్‌లో ఐరోపా సమాజము అదుపులేని వేటకుగాను ఆ దేశమునకు హెచ్చరిక చేసి, 2019 జనవరిలోగాని దానిని ఎత్తివేయలేదు. ఆక్వాకల్చర్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్ అను సంస్థ 2021లో మేతకు ప్రత్యేకముగా ఒక ప్రమాణమును ప్రకటించినది. 2023 జనవరినుండి అమలులోనికి వచ్చిన ఆ ప్రమాణము ప్రకారము, మేతలో ఒక శాతమునకు మించిన ప్రతి సరుకు ఎక్కడినుండి వచ్చినదో, అక్కడ చట్టవిరుద్ధమైన వేట, నిర్బంధ చాకిరి, అడవుల నరికివేత వంటివి ఉన్నవో లేవో మేత మిల్లు విచారించి చూపవలెను. ఈ ముద్ర కోరు కొనుగోలుదారునకు అమ్మదలచిన రైతు, తన మేత మిల్లు ఈ విచారణ చేసినదో లేదో ముందే అడుగవలెను.

ఐరోపావారు మన రొయ్యల సరుకులో పదింట ఒకటి పరీక్షించుచున్నది 2016లో సగమునకు పెంచిరి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ వంటి నిషిద్ధ మందుల జాడ దొరకుటయే కారణము. రైతులు కొందరు ఈ మందులను తెలిసి వాడిరి. మరికొందరు మేతలో కలుపు పొడులు, ద్రవములు అని పేరు లేని డబ్బాలను కొని, తెలియక వాడిరి. డబ్బామీద ఏమున్నదో వ్రాయని సరుకును గట్టు ఎక్కనీయరాదు.

ఆంధ్రప్రదేశ్ చేపల మేత నాణ్యతా నియంత్రణ చట్టము 2020లో వచ్చినది. ఆ చట్టము క్రింద మేత తయారుచేయువారు, అమ్మువారు లైసెన్సు పొందవలెను. గ్రామ సచివాలయములోని మత్స్య సహాయకులు తమ పరిధిలోని మేత దుకాణముల లైసెన్సులను, సంచులమీద అచ్చువేసిన వివరములను సరిచూచి, పట్టీ వ్రాసి రైతులకు తెలియునట్లు ఉంచినచో చాల మేలు చేసినవారగుదురు. కోళ్ళ దుకాణముల వ్యర్థములను చేపలకు వేయుట మన రాష్ట్రములో నిషేధింపబడినది. చీకటిలో వచ్చు ఆ లారీల సంగతి ఊరివారికి తెలియనిది కాదు. ఎంత చౌకగా దొరకినను అది మేత కాదు. నీటికి, చేపకు, తిను మనిషికి రోగము తెచ్చునది.

బేరమునాడు, లారీ దిగునాడు

షావుకారుతో బేరమునకు కూర్చున్నపుడు మొగమోటము పనికిరాదు. "షావుకారుగారూ, ఈ చెక్క ఏ మిల్లుది? గింజ ఎక్కడిది? ఎన్నాళ్ళ క్రితము ఆడినది?" అని అడుగవలెను. మంచి వ్యాపారి కోపపడడు. "అవన్నీ మీకెందుకండీ, సరుకు చూడండి, ధర చూడండి" అన్నవానివద్ద సరుకు ఎంత బాగున్నను నాకు నమ్మకము కలుగదు. తనకే తెలియనివాడు ఒకడు, తెలిసి చెప్పనివాడు మరొకడు. కొనువానికి ఇద్దరును ఒక్కటే. బిల్లుమీద మిల్లు పేరు, లాటు నంబరు, తేది వ్రాయించుకొనవలెను. బిల్లు లేక పది రూపాయలు తగ్గింతునన్న బేరమునకు ఒప్పుకొనరాదు.

నమూనా తీయుటలో చాలమంది పొరబడుదురు. బూజు విషము సరుకంతట సమముగా పరచుకొనియుండదు. ఒక బస్తాలో మెండుగా ఉండి ప్రక్క బస్తాలో మచ్చుకైనను ఉండకపోవచ్చును. పైనున్న ఒక బస్తా విప్పి గుప్పెడు తీసి చూచినందువలన ఏమియు తెలియదు. వంద బస్తాల లారీ అయినచో పై వరుస, నడిమి వరుస, అడుగు వరుసలనుండి పది బస్తాలకు తక్కువగాక ఎంచి, ఒక్కొక్క బస్తాలో గొట్టము లోతుగా గ్రుచ్చి తీయవలెను. చెమ్మ తగిలిన బస్తా, గట్టిపడి ముద్దకట్టిన బస్తా కనబడినచో దానిని వేరుగా ఉంచవలెను. తీసినదంతయు చాపమీద పోసి బాగుగా కలిపి, గుండ్రముగా పరచి, నాలుగు పాళ్ళుగా విభజించి ఎదురెదురు పాళ్ళు రెండు తీసివేయవలెను. మిగిలినదానిని మరల కలిపి అట్లే చేయుచు, కిలోకు తగ్గించవలెను. దానిని రెండు పొట్లములు కట్టి, తేది, మిల్లు పేరు, లారీ నంబరు వ్రాసి, లారీతో వచ్చినవానిచేతను సంతకము చేయించి, ఒకటి పరీక్షకు పంపి, రెండవది పొడిగా ఉన్నచోట భద్రపరుపవలెను.

సరుకును దింపుకొనిన తరువాత ప్రమాదము మన గోదాములోనికి మారును. మిల్లునుండి మంచిగా వచ్చిన చెక్కను రేకుల పాకలో, చెరువు గట్టుమీద, నేలకు ఆనించి నెట్టుకట్టి, మిల్లువానిని నిందించుట న్యాయము కాదు. నేలమీద చెక్క దిమ్మెలు పరచి వాటిపై బస్తాలు వేయవలెను. గోడకు ఒక మూర ఎడము ఉంచవలెను. ముందు వచ్చినది ముందు వాడవలెను. శ్రావణ, భాద్రపద మాసములలో పదిహేను దినములకు సరిపడు చెక్కకంటె ఎక్కువ నిలువ చేయరాదు. తడి చేతితో బస్తాలో మేత తీయుట, సంచులు కట్టగా మిగిలిన తడి మేతను మరల బస్తాలో పోయుట మానవలెను. భద్రపరచిన రెండవ పొట్లమును ఆ సరుకు తినిన చేపల పట్టుబడి ముగిసి, సొమ్ము చేతికి వచ్చువరకు పారవేయరాదు.